యూఫోనియం సోలో: వెనకున్నవాళ్ల గురించి ఒక గొడవ

యూఫోనియంకు ఒక సోలో రచన కావాలంటే, సంగీతం తెలిసినవాళ్లు కూడా మొదట అడిగేవి ఆ వాద్యం గురించిన ప్రశ్నలే. ఎంత స్పీడుగా పోతుంది? ఎంత పైకి ఎక్కుతుంది? ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ సందు దొరుకుతుంది? ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఆ రచన నిలబడాలన్నా కూలిపోవాలన్నా అదంతా వెనక కూర్చున్న ఇరవై, పాతిక మంది చేతిలో ఉందని నా వాదన. వాళ్లు ఏం వాయిస్తారు, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు వాయించకుండా ఊరుకుంటారు అన్నదే అసలు లెక్క. తిరుపతి, చిత్తూరు వైపు బ్యాండు వాయించేవాళ్లకీ వినేవాళ్లకీ ఈ సంగతి మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరమని కూడా అనుకుంటున్నాను. కోపాలు వస్తే రానీండి.

యూఫోనియం అంటే వెంటనే గుర్తుకు రానివాళ్ల కోసం రెండు మాటలు. ఆగస్టు 15న పోలీసు బ్యాండు వస్తుంది కదా, అందులో ట్రంపెట్ల వెనక ఒకాయన పెద్ద ఇత్తడి బూరను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎదకు ఆనించుకుని వాయిస్తుంటాడు. దాని మూతి ఆకాశంలోకి చూస్తుంటుంది. అదీ యూఫోనియం. ట్యూబా కంటే చిన్నది, ట్రంపెట్ కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. 1840ల్లో జర్మనీ వైపు పుట్టింది. 1843లో వైమార్‌కు చెందిన ఫెర్డినాండ్ సోమర్ దీన్ని తయారుచేశాడని మామూలుగా చెబుతారు. మన దేశంలో మీరట్‌లోని జలీ కోఠీ బజారు ఇలాంటి బ్యాండు వాద్యాలకు పేరుమోసింది. పెళ్లి బ్యాండుల చేతుల్లో కనిపించే ఇత్తడి సామానులో చాలా భాగం అక్కడిదే.

ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి ఒక్క నిమిషం గొట్టాల దగ్గర ఆగుతాను. యూఫోనియం చుట్టలన్నీ విప్పి సాగదీస్తే సుమారు తొమ్మిది అడుగుల గొట్టం. ట్రాంబోన్‌కూ అంతే. రెండిటి ఆధార స్వరమూ బి ఫ్లాటే, మన లెక్కలో ఆరున్నర శ్రుతి. పొడవు ఒకటే, శ్రుతి ఒకటే, గొంతులు మాత్రం వేరే వేరే. ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పుతో పోయి చివర్లో విచ్చుకుంటుంది. యూఫోనియం గొట్టం మొదట్నుంచీ మెల్లగా వెడల్పవుతూ పోతుంది. దాంతో ధ్వనిలోని పదును తగ్గుతుంది. పైనుండే హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, అంత బలంగా రావు, కింది భాగం నిండుగా ఉంటుంది. వినడానికి హాయిగా ఉందని అందరూ మెచ్చుకునేది దీన్నే. ఇబ్బంది కూడా ఇక్కడే మొదలవుతుంది.

గుంపులో ఒక గొంతు విడిగా వినపడాలంటే మూడు దారులున్నాయి. మిగతావాటికంటే పైన ఉండాలి, లేదా పదునుగా ఉండాలి, లేదా రంగు పూర్తిగా వేరుగా ఉండాలి. ట్రంపెట్‌కు మొదటి రెండూ ఉన్నాయి. మన నాదస్వరానికి మూడూ ఉన్నాయి, అందుకే నాలుగు వీధుల అవతల మేళం మొదలైనా ఇంట్లో తెలుస్తుంది. యూఫోనియంకు ఈ మూడిట్లో ఒక్కటీ లేదు. అది మగవాళ్లు పాడే స్థాయిలో, అంటే బ్యాండులో సరిగ్గా నడిమధ్యలో పలుకుతుంది. ట్రాంబోన్లు అక్కడే, హార్న్‌లు అక్కడే, క్లారినెట్ కింది స్థాయికి దిగితే అదీ అక్కడికే వస్తుంది. పైగా దాని ధ్వని మెత్తన. సోలో పేరుతో దాన్ని ముందు నిలబెట్టి, వెనకవాళ్లను ఎప్పటిలా వాయించమంటే వినేవాళ్లకు చెంపలు ఉబ్బించే మనిషి కనిపిస్తాడు, పాట వినపడదు.

దీనికి తోడు మూతి పైకి ఉండడం ఒకటి. హాల్లో అయితే ధ్వని కప్పుకు తగిలి నలుగురి మీదా పరుచుకుంటుంది. మహతి ఆడిటోరియం లాంటి చోట ఈ వాద్యానికి అదే అందం. బయట కప్పేదీ? మేం కొందరం ఆదివారాలు కొర్లగుంటలో ఒక మిద్దె మీద కూర్చుని వాయిస్తుంటాం. అక్కడ నా యూఫోనియం శేషాచలం కొండకు బాగానే వినపడుతుందని, ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్లకే వినపడదని మా వాళ్ల వెటకారం. అమెరికాలో మూతి ముందుకు తిరిగిన యూఫోనియంలు కూడా చేశారు. నాకవి నచ్చవు. ముందుకు తిప్పితే పాట వినపడుతుంది గానీ ఆ పరుచుకునే గుణం పోతుంది.

మరి ఇలాంటి వాద్యానికి సోలో రాయాలని ఎవరికి బుద్ధి పుట్టింది? నాకు తెలిసినంతలో ఈ కథ మొదలయ్యేది మన ఊరి సైజు ఊర్లోనే. ఇటలీలోని క్రెమోనా. స్ట్రాడివరీ వయొలిన్లు చేసిన ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. 1860ల్లో ఆ ఊరి బ్యాండుకు మాస్టరుగా అమిల్కారె పొంకియెల్లి అనే ఆయన చేరాడు. తర్వాత 1876లో ఒక పెద్ద ఒపేరాతో పేరు తెచ్చుకున్నాడు గానీ, క్రెమోనాలో ఉన్నప్పుడు చేసిన పని బ్యాండు చేత వాయించడం, బ్యాండు కోసం రాయడం. 1872లో ఆయన ఫ్లికోర్నో బాసో అనే వాద్యానికి, బ్యాండు తోడుగా ఒక కాన్చెర్టో రాశాడు. ఫ్లికోర్నో బాసో అంటే యూఫోనియంకు ఇటలీ అన్నదమ్ముడు అనుకోవచ్చు. కాన్చెర్టో అంటే ఒక వాద్యం ముందు నిలబడితే మిగతా బృందం దానికి తోడు పోయే పెద్ద రచన. వయొలిన్ల ఊర్లో, వయొలిన్ ఒక్కటీ లేని బ్యాండుతో, బూరకు కాన్చెర్టో! ఈ వాద్యానికి బ్యాండు తోడుతో వచ్చిన కాన్చెర్టోల్లో ఇదే మొదటిదని యూఫోనియం వాయించేవాళ్లు చెప్పుకుంటారు.

నాకు ఈ కథలో నచ్చేది ఆ మొదటి స్థానం కాదు. ఆయన రాజధానిలోని ఆర్కెస్ట్రా కోసం ఎదురుచూడలేదు. తన ఊరి బ్యాండులో ఎవరు ఏం వాయించగలరో తెలిసినవాడు, ఆ మనుషుల కోసమే రాశాడు. మన దగ్గర ఏదైనా కొత్తది చేద్దామంటే మొదట వచ్చే మాట "చెన్నైలో అయితే కుదురుతుంది సార్, ఇక్కడ ఎవరున్నారు" అని. క్రెమోనాలో ఎవరున్నారని?

ఆ కాలంలో ఇత్తడి సోలోలకు ఒక ఫ్యాషన్ ఉండేది. అందరికీ తెలిసిన ఒక పాట ఎత్తుకోవడం, దాన్ని నాలుగైదు రకాలుగా తిప్పడం, ఒక్కో తిప్పుకూ వేగం పెంచడం, చివర్లో చప్పట్లు. అమెరికాలో సౌసా బ్యాండులో సిమోనే మాంటియా అనే ఆయన ఈ తరహా యూఫోనియం సోలోలకు ప్రసిద్ధుడు. ఆ నేర్పును తక్కువ చేయను. తొమ్మిది అడుగుల గొట్టాన్ని ఈలలా పరిగెత్తించడం మాటలు కాదు. కానీ అలాంటి రచనల్లో వెనక బ్యాండుకు పనేమీ ఉండదు. "బూమ్-చక్, బూమ్-చక్" అని తాళం పట్టుకోవడం, సోలో వాయించేవాడు ఊపిరి తీసుకునేటప్పుడు నాలుగు బార్లు (బారు అంటే తాళంలో ఒక చిన్న చుట్టు) గట్టిగా కొట్టడం, మళ్లీ బూమ్-చక్. స్పీడు ఎందుకు అంత అవసరమైందంటే, వెనకున్నది అంత పేలవంగా ఉంటే వినేవాణ్ని కూర్చోబెట్టడానికి ముందున్నవాడు సర్కస్ చేయాల్సిందే. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఉన్నారని తెలుసు.

ఒక చిన్న ఉదాహరణ చెబితే నేను అనేది తేలిగ్గా పట్టుబడుతుంది. గుస్తావ్ హోల్స్ట్ 1911లో మిలటరీ బ్యాండుకు రాసిన రెండో సూట్‌లో, అంటే కొన్ని చిన్న భాగాల రచనలో, మొదటి భాగం మార్చ్. అందరూ జోరుగా వాయిస్తూ వచ్చి ఒక చోట తగ్గుతారు. అప్పుడు యూఫోనియం ఒక్కటే ఒక జానపద వరుసను ఎత్తుకుంటుంది. వెనక మిగిలేది చిన్న చిన్న తునకలు, అదీ దెబ్బకు దెబ్బకు మధ్య సందుల్లో. అది కాన్చెర్టో కాదు, సోలో ఉండేది కాసేపే. అయినా ఇక్కడి నుంచి ఎన్నో నేర్చుకోవచ్చు. యూఫోనియం పలికే అంతస్తును హోల్స్ట్ ఖాళీ చేయించాడు. ఆ తర్వాత అదే వరుసను బ్యాండంతా పెద్దగా అందుకుంటుంది. ముందు ఒక్కడు పాడాడు కాబట్టే ఆ తర్వాతి పెద్ద ధ్వనికి విలువ.

ఇక జోసఫ్ హోరోవిట్జ్. ఈయన 1926లో వియన్నాలో పుట్టాడు. నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో కుటుంబంతో సహా తప్పించుకుని బయటపడి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. 1972లో, అంటే పొంకియెల్లి తర్వాత సరిగ్గా వందేళ్లకు, బ్రాస్ బ్యాండు తోడుగా యూఫోనియం కాన్చెర్టో రాశాడు. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ట్రెవర్ గ్రూమ్ దాన్ని మొదట వాయించాడు. వెనక వాయించినది ఒక బూట్ల కంపెనీ పేరు మీద నడిచిన బ్యాండు. ఇంగ్లండులో బ్రాస్ బ్యాండులు ఎక్కువగా అలాంటివే. గనుల్లో, మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు పని అయ్యాక కూర్చుని నేర్చుకుని వాయించినవి.

బ్రిటిష్ బ్రాస్ బ్యాండులో పది కార్నెట్లు, ఒక ఫ్లూగల్‌హార్న్, మూడు టెనార్ హార్న్‌లు, రెండు బారిటోన్లు, రెండు యూఫోనియంలు, మూడు ట్రాంబోన్లు, నాలుగు బాస్‌లు (అంటే ట్యూబాలు), ఆపైన డ్రమ్ములు ఉంటాయి. క్లారినెట్ లాంటి పుల్లవాద్యం ఒక్కటీ లేదు, తీగవాద్యం లేదు. ట్రాంబోన్లు తప్పిస్తే అన్నీ ఇంచుమించు ఒకే ఇంటి గొంతులు. పియానో కాన్చెర్టో రాసేవాడికి ఈ సమస్య ఉండదు. పియానో పలికిందంటే అది పియానోనే, వెనక వంద మంది ఉన్నా గుర్తుపడతాం. యూఫోనియంను బ్రాస్ బ్యాండు ముందు నిలబెట్టడమంటే ఉమ్మడి కుటుంబంలో ఒకరి మాట మాత్రమే వినపడేలా చేయడం. అది ఆ ఒకరు గట్టిగా అరిస్తే అయ్యే పని కాదు.

హోరోవిట్జ్ రచనలో మూడు భాగాలు. నేను ఎక్కువగా వినేది, మా మిద్దె మీద నానా తిప్పలూ పడి వాయించేది రెండో భాగం, లెంటో. నెమ్మదిగా, పాటలా సాగుతుంది. యూఫోనియం వాయించేవాళ్లందరూ నేర్చుకోవాలనుకునే భాగం అది. కాగితం మీద చూస్తే సోలో పార్టులో భయపడాల్సిన స్వరం ఒక్కటీ కనిపించదు. కాలేజీ పిల్లలు కూడా మొదటిసారే చదివి వాయించేస్తారు. అంతా అయ్యాక "ఇంతేనా సార్" అంటారు. ఇంతే. దానికి తోడుండాల్సిన వాళ్లను సరిగా వాయించమంటే మాత్రం చెమటలు పడతాయి. స్వరం గట్టిగా ఎత్తుకోవడం ఇత్తడి వాద్యాల్లో సులువు. చప్పుడు లేకుండా మొదలుపెట్టి, శ్రుతి పడిపోకుండా, నలుగురూ ఒకే సమయానికి మెత్తగా పలికి, అంతే మెత్తగా ఆగిపోవడం కష్టం. పెదవికి బలం కావాలి, ఊపిరికి ఓర్పు కావాలి. మా బృందంలో ట్రంపెట్లకు తారస్థాయి అంటే భయం లేదు, ఈ మెత్తదనం అంటేనే టెన్షన్.

మన బ్యాండుల్లో ఈ అలవాటు లేకపోవడానికి కారణం వాళ్ల లోపం కాదు. వీధి. పెళ్లి ఊరేగింపులో పలకలు ఒక పక్క, జనరేటర్ ఒక పక్క, బస్సు హారన్లు ఒక పక్క. గంగమ్మ జాతర రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. అక్కడ మెత్తగా వాయిస్తే డబ్బులిచ్చినవాడు "నిద్రపోతా ఉండారా" అంటాడు. ట్రంపెట్, క్లారినెట్ పాట ఎత్తుకుంటాయి, యూఫోనియం అదే పాటను కింది స్థాయిలో పట్టుకుంటుంది, లేదా పల్లవికి పల్లవికి మధ్య జవాబు పాడుతుంది. అందరికీ పాట తెలుసు. అందరికీ తెలియడమే ఇక్కడ చిక్కు. చెవితో నేర్చుకున్నవాళ్లకు చెవిలో ఉండేది పాటే. తోడు అనేది ఎవరి చెవిలోనూ ఉండదు. కాబట్టి వేళ్లు ఊరుకోవు, తలా ఒక మూల నుంచి పాటనే వాయిస్తారు.

ఇది ఇవాళ్టి కథ కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండుల ఇంగ్లిష్ వరుసలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలు అంటాం. ఇంగ్లండు రాజుగారి గీతం వరుస మీద "సంతతం పాహిమాం" అలా వచ్చిందే. సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ ఇవి చెబుతారు, మంచి పాఠాలు. కానీ చూడండి, ఆ బ్యాండు నుంచి మనం తెచ్చుకున్నది పై వరుస ఒక్కటే. దాని కింద నాలుగు రకాల గొంతులు ఒకదానికొకటి చోటిస్తూ కదిలే ఏర్పాటు అక్కడే ఉండిపోయింది. దీక్షితులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆయనకు దాని అవసరం లేదు. మనం బ్యాండు సామాను మొత్తం తెచ్చుకుని, పెళ్లిళ్లకు కట్టుకుని, ఆ సగం మాత్రం వదిలేయడం గురించే నా బాధ.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న తప్పకుండా వస్తుంది. మా సంగీత కళాశాల మిత్రుడొకడు దీన్ని ప్రతిసారీ వేస్తాడు. "మనకు పక్కవాద్యం అనే గొప్ప సంప్రదాయమే ఉంది కదా, నువ్వేదో విదేశాల నుంచి తెచ్చి చెప్పేదేముంది?" నిజమే, ఉంది. గాయకుడు ఆలాపన చేస్తుంటే వయొలిన్ నీడలా వెంటబోతుంది, గాయకుడు ఆగిన చోట అందుకుంటుంది. మంచి మృదంగం మనిషి అనుపల్లవి ఎత్తుకునేటప్పుడు చెయ్యి తగ్గించే తీరు చూస్తే, ఊరుకోవడం కూడా వాయించడమే అని తెలుస్తుంది. తన ఒక్కడి వంతు, తనియావర్తనం, వచ్చేదాకా ఆయన తన లెక్కలన్నీ లోపలే దాచుకుంటాడు. కానీ అది ఇద్దరు ముగ్గురి మధ్య జరిగే వ్యవహారం. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అప్పటికప్పుడు తేల్చుకోగలరు. ఇరవై మంది అలా తేల్చుకోలేరు. ఎవరో ఒకరు ముందే కూర్చుని, ఎవరు ఎక్కడ ఆగాలో కాగితం మీద రాసిపెట్టాలి. సంస్కారం మన దగ్గర ఉంది, దాన్ని ఇరవై మందికి సరిపోయేలా రాసే పని మాత్రం ఇంకా జరగాలి.

కాగితం మీద రాయడం మన జిల్లాకు మరీ కొత్తేం కాదని ఆ మిత్రుడికి గుర్తు చేస్తుంటాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం అక్కడే చేశారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్, స్వయంగా పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ, దాని వరుసను స్వరలిపిలో రాసిపెట్టింది. మదనపల్లె అప్పుడు చిత్తూరు జిల్లాయే. మా బృందంలో రిటైరైన పోలీసు బ్యాండు ఆయన ఒకరున్నారు. ఆయన స్టాఫ్ నొటేషన్ మనం పేపరు చదివినంత సులువుగా చదువుతారు. సైన్యం బ్యాండు వాళ్లకు పచ్‌మఢీలో దీనికి ప్రత్యేక శిక్షణే ఉంది. చదవగలిగినవాళ్లు మన మధ్యే ఉన్నారు. చదవడానికి మనకంటూ రాసినది లేదు.

రెండో అభ్యంతరం గమకాల గురించి. వాల్వులు (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే మీటలు) ఉన్న వాద్యం మీద మన రాగం పలుకుతుందా? కొంతవరకు పలుకుతుంది. వాల్వును సగం నొక్కి, పెదవితో స్వరాన్ని వంచి చాలా చేయొచ్చు. కద్రి గోపాల్‌నాథ్ సాక్సఫోన్‌కు మార్పులు చేసుకుని కచేరీలు చేసి చూపించారు కూడా. కానీ యూఫోనియంతో రాగం తానం పల్లవి వాయించాలన్న సరదా నాకు లేదు. గమకాలతోనే బతికే తోడి రాగం జోలికి అసలే వద్దు. అది వాద్యాన్ని గెలిపించే దారి కాదు, కుంటించే దారి. యూఫోనియంకు సహజంగా వచ్చేది నిలకడగా సాగే పొడవైన స్వరం. మోహనం లాంటి రాగంలో స్వరాలు కదలకుండా నిలబడినా రాగం చెడదు. పైగా అందులో ఉన్నవి ఐదు స్వరాలే కాబట్టి కింద వేరే గొంతులు కలిసినా పెద్దగా రాపిడి ఉండదు.

సరే, తిరుపతిలో ఇలాంటి రచన ఒకటి ఎలా ఉండాలి? నేను కొంత రాసుకుంటూ ఉన్నాను కాబట్టి గాల్లో మాటలు చెప్పక్కర్లేదు. ముందుగా వాద్యం సంగతి. ఇంగ్లండులో సోలో వాయించేవాళ్ల చేతుల్లో ఉండేది నాలుగు వాల్వుల కాంపెన్సేటింగ్ రకం. 1874లో డేవిడ్ బ్లేక్లీ అనే ఆయన పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది. వాల్వులు కలిపి నొక్కినప్పుడు గొట్టం పొడవు చాలక స్వరం కొంచెం పైకి జారుతుంది. ఈ ఏర్పాటులో నాలుగో వాల్వుతో పాటు వేరేవి నొక్కితే గాలి అదనపు గొట్టాల్లోంచి పోయి ఆ తేడా సరిపోతుంది. మన బ్యాండువాళ్ల చేతుల్లో మామూలుగా ఉండేది మూడు వాల్వులది. దాంట్లో మంద్రస్థాయి అడుగున వరసగా ఐదు స్వరాలు అసలు పలకవు. కాబట్టి మన రచన ఆ ఐదు స్వరాల గుంటలోకి దిగకూడదు. రాసేవాడు ఖరీదైన వాద్యాన్ని ఊహించుకుని రాస్తే, అది బీరువాలో పడి ఉంటుంది.

శ్రుతి ఈ ఫ్లాట్. ఇత్తడి బ్యాండుకు సొంతిల్లు లాంటి శ్రుతి అది, మన లెక్కలో రెండున్నర. బారి నాదస్వరం, అంటే పొడుగు రకం, కూడా దాదాపు అక్కడే పలుకుతుంది. ఈ రెండూ ఒకచోట కలవడం చూసినప్పటి నుంచి, మన ఊర్లో రాసే రచనలో నాదస్వరం లేకుండా ఎలా అనిపించింది. నాదస్వరం, డోలు నేర్పే విద్యాలయం పెట్టుకున్న ఊరు మనది. అయితే ఇందాక చెప్పిన లెక్క ప్రకారం నాదస్వరం పక్కన యూఫోనియం ఒక్క బారు కూడా బతకదు. అందుకని రెండూ ఎప్పుడూ కలిసి వాయించవు. నాదస్వరం హాలు బయట, తలుపు అవతల నుంచి ఒక వాక్యం పలుకుతుంది. అది పూర్తిగా ఆగాక యూఫోనియం లోపల నుంచి జవాబు ఇస్తుంది. దూరం వల్ల నాదస్వరం మెత్తబడుతుంది, దగ్గర వల్ల యూఫోనియం నిండుగా ఉంటుంది, ఇద్దరికీ అన్యాయం జరగదు. డోలుకు చివరి భాగంలో తప్ప పని పెట్టలేదు. డోలు మిత్రులు నా మీద ఇప్పటికే కారాలు మిరియాలు నూరుతున్నారు.

మధ్య భాగం మోహనంలో. సోలో పాడుతున్నంతసేపు ట్రాంబోన్లు, హార్న్‌లు ఆ అంతస్తులో ఉండవు. కింద బాస్‌లు పొడవైన స్వరాలు పడతాయి, పైన రెండు ట్రంపెట్లు మ్యూటు (ధ్వని తగ్గించడానికి మూతిలో పెట్టే బిరడా) పెట్టుకుని అక్కడక్కడా ఒక్కో స్వరం. అంతే. క్లారినెట్‌కు ఆ భాగం మొత్తం విశ్రాంతి.

దీని మీదే మా మిద్దె మీద పెద్ద రగడ నడుస్తోంది. మా క్లారినెట్ అన్న చిత్తూరు దగ్గరి మనిషి, నలభై ఏళ్లకు పైబడి పెళ్లి బ్యాండుల్లో ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకున్నవాడు. పార్టు చేతికివ్వగానే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది, పేజీ అంతా గీతలే ఉండాయి. నేను ఏం వాయించల్ల?"

"ఏం వద్దన్నా. ఆ భాగంలో నీకు రెస్టు."

"రెస్టుకు నేనెందుకు రావాల? ఇంట్లోనే పండుకుంటా కదా."

ఇందులో న్యాయముంది. పాడేవాడికి చోటివ్వడం గొప్ప సంస్కారమని నేను ఎంత ఉపన్యాసం ఇచ్చినా, ఆయన వృత్తిలో వాయించకుండా నిలబడినవాడికి ఎవరూ కూలి ఇవ్వరు. వాయించే పాటల సంఖ్యను బట్టి, ఊరేగింపు ఎంత దూరం పోతుందన్నదాన్ని బట్టి బేరం కుదురుతుంది. విదేశీ బ్యాండుల్లో తోడు వాయించే నేర్పు ఎందుకు పెరిగిందని ఇప్పటిదాకా సంగీతం వైపు నుంచే చెప్పుకొచ్చాను. అసలు కారణాల్లో ఒకటి, వాళ్లలో చాలామందికి బ్యాండు కూడు పెట్టే పని కాకపోవడం. బూట్ల ఫ్యాక్టరీలో జీతం తీసుకుని సాయంత్రం వచ్చి వాయించేవాడు అరవై బార్లు ఊరుకోగలడు. మన క్లారినెట్ అన్నకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఇలాంటి రచన ఇక్కడ జరగాలంటే దాన్ని పెళ్లి బేరంలో కలపకూడదు. రిహార్సళ్లకు కూడా లెక్కకట్టి, మనిషికింత అని ఇవ్వాలి, రెస్టు బార్లతో సహా. ఆ డబ్బు ఎవరు పెడతారన్నది మిగతా అన్నిటికంటే ముందు తేలాల్సిన సంగతి. స్పాన్సర్ల దగ్గరికి వెళ్తే "సినిమా పాటలు కూడా ఉంటాయి కదా సార్" అంటున్నారు. ఉండవని చెబుతున్నాను. చెప్పాక టీ ఇచ్చి పంపుతున్నారు.

క్లారినెట్ అన్నతో రాజీ కుదిరింది, కానీ నాకు పూర్తిగా నచ్చిన రాజీ కాదు. మధ్య భాగం చివర్లో, యూఫోనియం ఆఖరి వాక్యం ముగించే చోట, ఆయనకు నాలుగు బార్లు రాశాను, మంద్రస్థాయిలో, చాలా మెత్తగా. వాయించి చూసి, "ఇది వాయించేదాని కంటే ఊరుకునేదే మేలప్పా, ఇంత సన్నగా ఊదితే పుల్ల పలకదు" అన్నాడు. ఆ తర్వాత కొత్త పుల్ల ఒకటి తెచ్చుకుని దాన్ని గీకుతూ కూర్చున్నాడు.